పదిహేనేళ్ల గీత: క్వీన్స్‌లాండ్‌లో మళ్లీ మొలిచిన అడవి, అందులో పిట్టలు

ఆస్ట్రేలియా పార్లమెంటు 2025 నవంబరు చివర్లో పర్యావరణ చట్టాన్ని సవరించింది. దాంతో ఆ దేశపు ఈశాన్య రాష్ట్రమైన క్వీన్స్‌లాండ్‌లో పశుపోషకులకీ పర్యావరణవాదులకీ మధ్య పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఒకసారి కొట్టేశాక తిరిగి మొలిచింది అడవా, కలుపా అన్నదే పేచీ. తొలి వలసల కాలం నుంచి మొదలుపెట్టను, అది అందరూ రాసిందే. నా లెక్కలో అసలు మలుపు 2000 జూలై 16.

సమాఖ్య (అంటే కేంద్ర) పర్యావరణ చట్టం అమల్లోకి వచ్చింది ఆ రోజే. అప్పటికే చట్టబద్ధంగా జరుగుతున్న భూమి వాడకం అలాగే కొనసాగితే కొత్తగా అనుమతి అక్కర్లేదని అందులో ఒక మినహాయింపు పెట్టారు. ఏటా దున్నే పొలానికైతే అది న్యాయమే. కానీ ఏళ్ల తరబడి వదిలేసి ఎప్పుడో ఒకసారి బుల్డోజర్ దింపే నేలకి కూడా దాన్నే వర్తింపజేసుకున్నారు. మరుసటి ఏడాది, 2001లో, అదే చట్టం కింద బ్రిగలో అనే చెట్ల అడవిని ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించారు. అప్పటికి మిగిలింది దాదాపు పదో వంతు. అంటే జాబితాలో పేరుంది, గొలుసు మాత్రం ఆగలేదు.

గొలుసు అని ఊరికే అనలేదు. బ్రిగలో తుమ్మ జాతి చెట్టు, మన నల్లరేగడిలాగే ఎండితే నెర్రెలిచ్చే బంకమట్టిలో పెరుగుతుంది. 1962 నుంచి ప్రభుత్వమే పథకం పెట్టి ఫిట్జ్‌రాయ్ నది పరీవాహకంలో దీన్ని కొట్టించింది. రెండు బుల్డోజర్ల మధ్య బరువైన గొలుసు కట్టి లాగేవారు, కూలిన చెట్లు ఎండాక తగలబెట్టి ఆ బూడిదలో గడ్డి విత్తనాలు చల్లేవారు. అప్పుడు కొట్టమన్న ప్రభుత్వాలే ఇప్పుడు వద్దంటున్నాయన్న రైతుల బాధలో నిజం ఉంది, కాదనను.

అయితే వేళ్లు చావవు. తెగిన వేరల్లా పిలకలు వేస్తుంది, సర్కారు తుమ్మతో అవస్థ పడ్డవాళ్లకి ఈ మొండితనం తెలుసు. ఆ పిలకల వయసే పిట్టలకి ముఖ్యం. మొదటి కొన్నేళ్లు అక్కడ ఎక్కువగా కనిపించేవి బయలు నేలల్లో బతికే పిట్టలే. తర్వాత కొమ్మలు రాలి, బెరడు ఊడి, కింద ఆకుల చెత్తా దుంగలూ పేరుకున్నాక, నేల మీద పురుగులు ఏరుకునే స్పెకిల్డ్ వార్బ్లర్ లాంటివి చేరతాయి. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో తేల్చింది ఏమిటంటే, మళ్లీ మొలిచిన అడవి వయసూ, చుట్టుపక్కల అది ఎంత ఉందన్నదీ రెండూ అడవి పిట్టలకి కీలకం. ముప్పై ఏళ్లు దాటితే అక్కడి పిట్టలు ఎన్నడూ కొట్టని అడవిలోని పిట్టలకి దగ్గరగా వస్తాయి. తొర్రలు మాత్రం అప్పటికీ రావు, వాటికి వందేళ్లకి పైబడిన యూకలిప్టస్‌లు కావాలి.

పొదలు లేని సన్నటి చెట్ల పట్టీలు మాత్రమే మిగిల్చితే నాయిజీ మైనర్ గుంపులు వచ్చి కూర్చుంటాయి. అవీ ఆస్ట్రేలియా పిట్టలే, కానీ ఫెయిరీ రెన్, థార్న్‌బిల్ లాంటి బుల్లి పిట్టల్ని బతకనివ్వవు, కనబడితే తరుముతాయి. 2014లో సమాఖ్య ప్రభుత్వం ఈ తరిమివేతనే ఒక ముప్పుగా జాబితాకెక్కించింది. రైతు చిరాకు పడే ఆ చిక్కటి పొదలే బుల్లి పిట్టలు దాక్కునే చోటు.

రాష్ట్ర చట్టమేమో ఊగుతూనే వచ్చింది. 2009లో ఇలాంటి పాత పొదల నరికివేతపై ఆంక్షలు పెట్టారు, 2013లో సొంత పట్టా భూముల్లో సడలించారు, 2018లో మళ్లీ బిగించారు. రేపు ఏ రూల్ వస్తుందో అన్న టెన్షన్‌లో ముందే కొట్టేసేవాళ్లు ఉంటారు, దాంతో పొద వయసు మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది.

2025 సవరణ ఆ పాత మినహాయింపుని కత్తిరించింది. పదిహేనేళ్లుగా కొట్టని అడవికి ఇక అది వర్తించదు. సముద్రంలోని పగడపు దిబ్బల వరస గ్రేట్ బ్యారియర్ రీఫ్‌కి నీళ్లు చేరే పరీవాహకాల్లోనైతే వాగుకి 50 మీటర్ల లోపు కూడా వర్తించదు. మేత భూమి చేజారిపోతుందని రైతు సంఘాలు అంటున్నాయి. వయసు తేల్చడం పెద్ద కష్టమేం కాదు, క్వీన్స్‌లాండ్ దగ్గర 1988 నుంచి ఉపగ్రహ లెక్కలున్నాయి. నా భయమల్లా పదమూడు, పద్నాలుగేళ్లకి వచ్చిన పొదల గురించే. గీత దాటకముందే వాటి మీదికి బుల్డోజర్ దించితే, ఆ వాగుల పక్క నేలలో తప్ప, ఈ సవరణలో అడ్డుకునే మాట ఒక్కటీ లేదు.