ఫించ్‌ల జతలు, క్రాసింగ్ ఓవర్: అపోహలు - వాస్తవాలు

నేను పనిచేసేది పక్షుల డీఎన్ఏ ల్యాబ్‌లో. ఈకలు వస్తాయి, మగో ఆడో తేల్చి రిపోర్టు పంపుతాం. చిలుకలు పెంచేవాళ్లకు అంతవరకే పని. జీబ్రా ఫించ్‌లు అనే చిన్న పంజరపు పక్షులు పెంచేవాళ్లకు బుగ్గ రంగు చూస్తేనే చాలావరకు తెలిసిపోతుంది కాబట్టి, వాళ్లు ఫోన్ చేసేది రిపోర్టు కోసం కాదు, రంగుల లెక్క తేలక. ఆ లెక్క దాదాపు ప్రతిసారీ ఒకే చోట తప్పుతోంది.

అపోహ: ఫాన్ (లేత గోధుమ రంగు) ఆడపక్షినీ సీఎఫ్‌డబ్ల్యూ (చెస్ట్‌నట్ ఫ్లాంక్‌డ్ వైట్, దాదాపు తెల్లటి రంగు) మగపక్షినీ జత కడితే, ఆ రెండు రంగులూ కలిసిన పిల్ల ఎప్పుడో ఒకప్పుడు పుడుతుంది. ఓపిక ఉండాలంతే.

పుట్టదు. ఆ జతకు నాలుగో పొదుగులోనూ పుట్టదు, పద్నాలుగో పొదుగులోనూ పుట్టదు.

రీకాంబినేషన్ అంటే తల్లి జీన్లూ తండ్రి జీన్లూ పిల్లలో కలిసిపోవడం, డికాషన్‌లో పాలు పోసినట్టు, అనుకుంటున్నారు. అది జరిగేది పిల్లలో కాదు, పిల్లకంటే ముందు. మగపక్షి ఒంట్లో వీర్యకణం తయారయ్యేటప్పుడు, దానికి తన తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమ్, తన తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమ్ పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. ఈ మార్పిడినే క్రాసింగ్ ఓవర్ అంటారు. కాబట్టి పిల్లకు తండ్రి వైపు నుంచి అందేది తాత, నాయనమ్మల కలగలుపు. మీరు కట్టిన జత ఫలితం ఒక తరం ఆలస్యంగా కనిపిస్తుంది.

ఫాన్, సీఎఫ్‌డబ్ల్యూ రెండూ మగో ఆడో తేల్చే జెడ్ క్రోమోజోమ్ మీదే ఉన్నాయి, రెండూ రిసెసివ్, అంటే రెండు జెడ్‌లలో ఒకదాని మీదే ఉంటే పైకి కనబడవు. మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పై జతలో కూతుళ్లకు జెడ్ తండ్రి నుంచే వస్తుంది, కాబట్టి అన్నీ సీఎఫ్‌డబ్ల్యూలే. కొడుకులకు తల్లి నుంచి ఫాన్ జెడ్, తండ్రి నుంచి సీఎఫ్‌డబ్ల్యూ జెడ్ వస్తాయి. చూడ్డానికి మాత్రం మామూలు బూడిద రంగు ఫించ్‌లే. మనవాళ్లు చేసే అసలు పొరపాటు ఇక్కడే. ‘ఇవి వేస్ట్’ అని ఆ కొడుకులను షాపుకు ఇచ్చేసి, పాత జతను మళ్లీ గూటికి ఎక్కిస్తారు. వదిలించుకున్న ఆ కొడుకుల్లోనే కదా రెండు జెడ్‌లూ ముక్కలు మార్చుకోవాల్సింది!

ఆ కొడుకును ఉంచుకోండి. బంధుత్వం లేని మంచి ఆడపక్షితో కట్టండి, రంగు ఏదైనా పర్వాలేదు. తర్వాత కూతుళ్లను మాత్రమే చూడండి. వాటికి ఉన్నది ఒక్క జెడ్, అదీ తండ్రిదే కాబట్టి ఏదీ దాగదు. ఎక్కువ కూతుళ్లు ఫాన్‌గానో సీఎఫ్‌డబ్ల్యూగానో ఉంటాయి. ఆ రెండు జీన్ల మధ్య క్రాసింగ్ ఓవర్ జరిగిన కొద్దిచోట్ల మాత్రం రెండూ ఉన్న కూతురు, లేదా ఏదీ లేని మామూలు బూడిద కూతురు పుడుతుంది.

ఈ బూడిద కూతురు దగ్గర జనం పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. గుంటూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, “సార్, ఇంకో మగది లోపలికి దూరిందా, లేక షాపువాడు నాకు వేరే పక్షిని అంటగట్టాడా?” అని అడిగాడు. ఎవరూ మోసం చేయలేదు బాబూ. మీ దగ్గర క్రాసింగ్ ఓవర్ జరిగిందనడానికి ఆ పిల్లే సాక్ష్యం. మీరు ఎదురుచూస్తున్న పిల్లకు అది రెండో సగం: మార్పిడిలో ఒక జెడ్‌కు రెండూ చేరితే, రెండో జెడ్‌కు ఏదీ మిగలదు.

ఇంకొకాయన సంగతి తలుచుకుంటే మనసు పాడవుతుంది. మొదటి జతనే పట్టుకుని, ఆడదానికి విరామం ఇవ్వకుండా పొదుగు మీద పొదుగు పెట్టించాడు. గుడ్డు ఇరుక్కుని అది చనిపోయింది. ‘ఓపిక పట్టండి, వస్తుంది’ అని ఆయనకు గ్రూపుల్లో చెప్పినవాళ్లకు పోయిందేమీ లేదు.

అపోహ: ఎన్ని పిల్లలకు ఒకటి వస్తుందో ముందే చెప్పొచ్చు.

సులువు కాదు. జీన్ల మధ్య డీఎన్ఏ దూరం ఎంత ఉంటే క్రాసింగ్ ఓవర్ అంత అనే లెక్క జీబ్రా ఫించ్ దగ్గర బాగా తప్పుతుంది. 2010లో ఈ పక్షి జీనోమ్ వెలువడిన ఏడాదే రీకాంబినేషన్ పటం కూడా వచ్చింది. పెద్ద క్రోమోజోమ్‌లలో మార్పిడి చాలావరకు కొసల దగ్గరే జరుగుతుందని, మధ్య భాగం ఎడారిలా ఉంటుందని అందులో తేలింది. మధ్యలో ఎంతో దూరంగా ఉన్న జీన్లు కూడా అంటుకున్నట్టే కలిసి ప్రయాణిస్తాయి.

దీనికి తోడు ఈ జాతిలో జెడ్ మీద ఒక పెద్ద ఇన్వర్షన్ ఉంది. కొన్ని పక్షుల్లో చాలా పొడవైన ముక్క తలకిందులుగా ఉంటుంది. మగదానికి ఒక జెడ్ మామూలుగా, ఒకటి తిరగబడి ఉంటే ఆ భాగంలో మార్పిడి దాదాపు ఆగిపోతుంది. అలాంటి మగపక్షుల వీర్యకణాలు వేగంగా ఈదుతాయని 2017లో అధ్యయనాలు చూపాయి, అందుకే ఆ తిరగబడ్డ ముక్క జాతిలోంచి పోకుండా కొనసాగుతోంది. మీ మగదానికి ఎంతకీ కోరుకున్న కూతురు పుట్టకపోతే ఇదీ ఒక కారణం కావచ్చు. దాని సోదరుణ్ణి పెట్టి చూడండి.

మిగతావి త్వరగా.

‘ఆడదాంట్లో రీకాంబినేషన్ జరగదు.’ జెడ్ వరకు ఇంచుమించు నిజమే, డబ్ల్యూతో కొస దగ్గర చిన్న ముక్కలోనే మార్పిడి ఉంటుంది. మిగతా క్రోమోజోమ్‌లలో మగదానితో సమానం. జీబ్రా ఫించ్‌లో మగైనా ఆడైనా అండం, వీర్యకణం తయారుచేసే ఒక్కో కణంలో సుమారు 45 క్రాసింగ్ ఓవర్‌లు లెక్కగట్టారు.

‘ఈ ఆడది ఫాన్‌కు స్ప్లిట్ (పైకి కనబడకుండా ఆ జీన్ మోసేది), అందుకే ధర ఎక్కువ.’ ఒక్క జెడ్ ఉన్నది స్ప్లిట్ ఎలా అవుతుంది? తెలుపు, పైడ్ (తెల్ల మచ్చలు) లాంటి వాటికి ఆడది స్ప్లిట్ కావచ్చు. ఫాన్‌కు కాదు. పైసా ఎక్కువ ఇవ్వకండి.

‘ఫలానా టానిక్ పోస్తే క్రాసింగ్ ఓవర్ పెరుగుతుంది.’ దీనికి జవాబు రాసే ఓపిక నాకు లేదు.

‘హాట్‌స్పాట్‌లు తరతరానికీ చోటు మారుస్తాయి.’ ఇది స్టూడెంట్లు అడిగేది. హాట్‌స్పాట్‌లంటే క్రాసింగ్ ఓవర్ ఎక్కువగా జరిగే చోట్లు. మనిషి గురించి చదివింది పక్షికి అంటించకండి. మనలో ఆ చోట్లను నిర్ణయించే పీఆర్‌డీఎం9 జీన్ పక్షుల్లో లేదు. జీబ్రా ఫించ్, లాంగ్ టెయిల్డ్ ఫించ్‌లను పోల్చి 2015లో చూస్తే, హాట్‌స్పాట్‌లు చాలావరకు అవే చోట్ల నిలిచి ఉన్నాయి, అదీ ఎక్కువగా జీన్లు మొదలయ్యే దగ్గర.

‘ఈకలో ఉన్నదే పక్షి డీఎన్ఏ మొత్తం.’ కాదు. పాటపక్షుల్లో అండ, వీర్యకణాలను ఇచ్చే కణాల్లో మాత్రమే ఉండే అదనపు క్రోమోజోమ్ ఒకటుంది. 1998లో జీబ్రా ఫించ్‌లో కనబడింది, 2019 నాటికి పరీక్షించిన పాటపక్షులన్నిట్లో దొరికింది. అది జబ్బు కాదు, మీ పక్షికీ ఉంటుంది. దాన్ని చూడమని మాత్రం మాకు ఈకలు పంపకండి, ఈకలో అది ఉండదు.