క్రీడా హాస్టల్‌లో అడగవలసింది ఎవరు?

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఆటల శిక్షణ కోసం ఇల్లు వదిలి ఉండే పిల్లల మానసిక క్షేమానికి పూచీ ఎవరిదన్న వాదన మళ్లీ రేగింది. ఇక్కడి తగవుకు మూలం 2025 జులై 25న ఉంది.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన విద్యార్థిని తండ్రి వేసిన కేసులో ఆ రోజు సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక క్షేమం కోసం విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, తక్కువ మంది ఉంటే బయటి నిపుణులతో ముందే ఏర్పాటు చేసుకోవాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, సహాయవాణి నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనబడాలని వాటి సారాంశం. ఒత్తిడి తగ్గడానికి ఆటలను ప్రోత్సహించాలన్న మాట కూడా అందులో ఉంది. ఆటే ఒత్తిడైన పిల్లవాడికి అది ఏ మేరకు పనికొస్తుందో వేరే సంగతి.

తాము ఆట నేర్పేవారమే తప్ప వైద్యులం కామని, ఆ తీర్పు కోచింగ్ సెంటర్ల కోసమని శిక్షకులు అంటారు. అయితే రెసిడెన్షియల్ అకాడమీలు, శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు అన్న మాటలు మార్గదర్శకాల్లోనే ఉన్నాయి.

తల్లిదండ్రులు అడుగుతున్నదీ వైద్యం కాదు, పిల్లలు భయం లేకుండా బాధ చెప్పుకునే దారి. 2015 మే నెలలో కేరళలోని అలప్పుళలో ఉన్న భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో నలుగురు బాలికలు ఆత్మహత్యకు యత్నించగా ఒకరు మరణించారు; సీనియర్ల వేధింపులే కారణమన్న ఆరోపణలు వచ్చాయి. శిక్షకుడు, సీనియర్లు, వార్డెన్ ఒకే ఆవరణలో ఉన్నచోట, జట్టును ఎంపిక చేసే మనిషికే బాధ చెప్పుకోవలసి వస్తే ఏ క్రీడాకారుడు నోరు విప్పుతాడు?

గాయానికీ మానసిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2019లోనే వివరించారు. మోకాలి కట్టుతో గట్టున కూర్చున్న కబడ్డీ కుర్రవాడు నిద్రపోవడం మానేసి, ఎవరితోనూ కలవకుండా, అపురూపంగా చూసుకున్న బూట్లు జూనియర్‌కు ఇచ్చేస్తే, శిక్షకుడి రిజిస్టరులో మాత్రం ‘గాయం, విశ్రాంతి’ అనే ఉంటుంది. అప్పుడు ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?’ అని పక్కన కూర్చుని సూటిగా అడగాలి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, జట్టులో చోటు పోతుందని బెదిరించకుండా, ఇంటివారికి చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి వెంట తీసుకువెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పోలీసు కేసవుతుందన్న భయంతో దాచిపెట్టే హాస్టళ్లూ ఉన్నాయి. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఇప్పుడు తల్లిదండ్రులు కోరుతున్నవి రెండే: టెలీ మానస్ నంబరు భోజనశాల గోడ మీద కనబడేలా రాయడం, ఎంపికతో సంబంధం లేని ఒక మనిషిని పిల్లలకు అందుబాటులో ఉంచడం.