ఆవుపాలు పడని పసిబిడ్డ: మానిపించాక మళ్లీ పట్టి చూడాలన్న మాట ఎక్కడిది?

హనుమకొండలోనో నర్సంపేటలోనో నాలుగు నెలల బిడ్డకు డబ్బాపాలు మొదలుపెట్టాక విరేచనంలో జిగట, నెత్తుటి చారలు కనిపించాయనుకోండి. ఇంట్లో మొదట వినపడే మాట "పాలు పడ్తలేవు". ఆ వెంటనే "మేకపాలు పట్టుండ్రి". మొదటి మాట నిజం కావచ్చు. భయపడాల్సింది రెండో మాటకే. మేకపాల ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లను ఎంతగా పోలి ఉంటాయంటే, ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అవీ పడవు. మనవైపు ఎక్కువగా తాగే బర్రెపాలతోనూ ఇదే చిక్కు. నీళ్లు కలిపినా, పొంగు రానిచ్చినా అలర్జీ గుణం పోతుందన్న నమ్మకం లేదు.

అలర్జీ అనే మాటను 1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించాడు. పాలకు బదులు ఏం పట్టాలన్న వెతుకులాట కూడా ఇంచుమించు అప్పుడే మొదలైంది. 1909లో బాల్టిమోర్‌లో జాన్ రూరా సోయాను పసిపిల్లలకు వాడి చూశాడు. 1942లో అమెరికాలో న్యూట్రామిజెన్ వచ్చింది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్‌ను ముందే సన్నటి తునకలుగా విడగొట్టి చేసిన పొడి అది. తునకలు చిన్నవైతే ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటిని చాలావరకు పాల ప్రోటీన్లుగా గుర్తుపట్టదు.

అలర్జీ ఉందని తేల్చే పద్ధతి మాత్రం 1963 దాకా కుదురుకోలేదు. ఆ ఏడాది అమెరికా పిల్లల వైద్యుడు గోల్డ్‌మన్, ఆయన సహచరులు ఒక కొలత పెట్టారు. పాలు మానిపిస్తే లక్షణాలు తగ్గాలి, మళ్లీ పడితే 48 గంటల్లో తిరగబెట్టాలి, ఇలా మూడుసార్లు జరగాలి. పసిబిడ్డను మూడుసార్లు అంత బాధపెట్టడమేమిటని తర్వాతివాళ్లు దాన్ని ఒక్కసారికి తగ్గించారు. అసలు సూత్రం అరవై ఏళ్లు దాటినా మారలేదు.

రక్తపరీక్షలు ఇన్ని వచ్చాక ఇంకా ఇదెందుకని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1966లో శాస్త్రవేత్తలైన ఇషిజాకా దంపతులు ఐజీఈ అనే యాంటీబాడీని, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తయారుచేసే ఒక ప్రోటీన్‌ను, కనిపెట్టారు. దానివల్ల వచ్చే అలర్జీ తొందరగా బయటపడుతుంది. పాలు తాగిన నిమిషాల్లోనో, రెండు గంటల్లోపో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. చర్మపరీక్ష, ఐజీఈ రక్తపరీక్ష ఉపయోగపడేది ఈ రకంలోనే. నెత్తుటి చారల బిడ్డది ఎక్కువగా రెండో రకం. గంటలకో రోజులకో నిదానంగా పేగుల్లో బయటపడుతుంది, ఐజీఈతో దానికి సంబంధం లేదు. అందుకే రిపోర్టు నార్మల్ వచ్చినంత మాత్రాన అలర్జీ లేనట్టు కాదు. ఐజీజీ అనే మరో యాంటీబాడీ పరీక్షకు పెట్టే డబ్బులైతే పూర్తిగా వృథా.

మన దేశంలో దీన్ని చాలాకాలం పాశ్చాత్య దేశాల జబ్బుగానే చూశారు. ఇక్కడ విరేచనాలంటే ఇన్‌ఫెక్షన్, కాదంటే లాక్టోజ్ పడకపోవడం. లాక్టోజ్ పాలలోని చక్కెర, అలర్జీ వచ్చేది ప్రోటీన్‌తో. లాక్టోజ్ తీసేసిన డబ్బాలోనూ ఆ ప్రోటీన్ అలాగే ఉంటుంది. లక్నోలోని సంజయ్ గాంధీ వైద్య సంస్థ డాక్టర్లు తమ దగ్గరికొచ్చిన పిల్లల్లో ఈ అలర్జీని రుజువు చేసి రాశాక మన వైద్యుల చూపు మారింది. 2020లో భారతీయ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం మార్గదర్శకాలు ఇచ్చింది.

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు కూడా ఇది రావచ్చు. తల్లి తాగిన పాల ప్రోటీన్ జాడలు ఆమె పాలలోకి చేరతాయి. దానికి తల్లిపాలు ఆపించడమంత పొరపాటు లేదు. తల్లి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, చల్ల, పాలమిఠాయిలు మానాలి, బిడ్డ ఎలా ఉందో చూడాలి. తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి పథకం కింద 2015 నుంచి అంగన్‌వాడీలో బాలింతకు రోజూ 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. అవి మానేస్తే పోయే కాల్షియం కోసం డాక్టరు రాసిన మాత్రలు, తైదల జావ, నువ్వులు కావాలి. బిడ్డలో మార్పేమీ రాకపోతే తల్లి మళ్లీ పాలు, పెరుగు ఎప్పటిలా తీసుకోవాలి. బిడ్డకు తగ్గితే తల్లి మళ్లీ పాలు తాగి, లక్షణాలు తిరగబెడతాయేమో చూడాలి. చాలా ఇళ్లలో ఈ రెండోసగం జరగనే జరగదు. బిడ్డ కోలుకుంది కదా, మళ్లీ ఎందుకు కెలకడమని తల్లి వెనకాడుతుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పసిపిల్లల కక్కుడు, ఏడుపు వాటంతటవే తగ్గేవి చాలా ఉంటాయి. పాలు మానిన వారంలోనే తగ్గితే, పేరు మాత్రం అలర్జీకి పడుతుంది.

అలా పేరు పడితే ఏమవుతుందో ఇంగ్లండ్ చూసింది. 2006 నుంచి 2016 మధ్య అక్కడ అలర్జీ ఉన్న పిల్లలకని ప్రత్యేక పాలపొడులు రాసే డాక్టరు చీటీలు దాదాపు ఆరు రెట్లయ్యాయి. ఐరోపాలో సుమారు 12,000 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించి, పాలు పట్టి చూసి తేల్చిన అలర్జీ మాత్రం 0.5 శాతమే. ఈ జబ్బు మీద మార్గదర్శకాలు రాసినవారిలో ఎక్కువమందికి పాలపొడి కంపెనీలతో ఆర్థిక సంబంధాలున్నాయని 2020లో వచ్చిన ఒక పరిశీలన చూపించింది. మన దగ్గర ఆ ప్రత్యేక పొడి ఖరీదు కూలికి పోయే ఇంటికి మోయలేని భారం.

నిజంగా అలర్జీ ఉన్న పిల్లలకూ అది ఎల్లకాలం ఉండేది కాదు. డెన్మార్క్‌లో 1990లో వెలువడిన అధ్యయనంలో ఏడాది నిండేసరికి 56 శాతం, రెండేళ్లకు 77, మూడేళ్లకు 87 శాతం పిల్లలకు పాలు పడ్డాయి. అందుకే ఆరు నెలలు మానిపించాకో, బిడ్డకు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు నిండాకో డాక్టరు సలహాతో మళ్లీ పట్టి చూడాలి. వెంటనే దద్దుర్లు, ఆయాసం వచ్చిన బిడ్డకైతే ఆ పని ఆస్పత్రిలోనే చేయాలి. ఐదేళ్లొచ్చినా పెరుగన్నం దగ్గరికి రానివ్వని పిల్లలు మన ఊళ్లలో కనిపిస్తారు. చివరిసారి పాలు పట్టి చూసిందెప్పుడని అడిగితే, ఆ తల్లి చెప్పేది బిడ్డ నాలుగో నెల సంగతే.