రిపోర్టులన్నీ నార్మల్, మరి ఈ నొప్పి ఎక్కడిది?

శ్రీకాకుళంలోగానీ విజయనగరంలోగానీ ఏ ఆసుపత్రి ఓపీ దగ్గరైనా ఒక పూట నిలబడండి, ఇది కనిపిస్తుంది. ఛాతీ పట్టేస్తోందనో, కడుపులో మంటనో, నాలుగడుగులు వేస్తే ఆయాసమనో, రాత్రిళ్లు కంటిమీద కునుకు లేదనో ఒకావిడ వస్తుంది. ఈసీజీ తీస్తారు, రక్తపరీక్షలు చేస్తారు, అన్నీ నార్మల్ వస్తాయి. "ఏం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకు" అని గ్యాస్ బిళ్లలు రాసి పంపేస్తారు. నొప్పి అలాగే ఉంటుంది, పైగా 'ఈవిడకి ఏ రోగమూ లేదట' అన్న మాట ఇంటికి ఆవిడకంటే ముందు చేరుతుంది. ఇక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకోవడం, నరాల బలహీనతకి టానిక్ తాగడం. డాక్టరు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, నిజంగా టెన్షనే అయ్యుండొచ్చు. కానీ వైద్యం మొదలవ్వాల్సిన చోట ఆ ఒక్క మాటతో వైద్యం ఆగిపోతోంది. నా బాధంతా అదే. ఇది ఈ పరిస్థితికి ఎలా వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మనసు బాగోకపోతే ఒళ్లు పాడవుతుందని మనవాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కొడుకు వలస పోతే తల్లి బెంగతో చిక్కిపోయిందంటాం, పిల్లాడికి దడుపు జ్వరమంటాం. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో అన్న విజయరామరాజు చనిపోయాడని తెలిసి పైడితల్లి తట్టుకోలేక ప్రాణం విడిచిందని విజయనగరంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరక సంహిత అతిసారాన్ని, అంటే విరేచనాల జబ్బుని, ఆరు రకాలుగా విడదీస్తే అందులో ఒకటి భయం వల్ల వచ్చేది, ఒకటి దుఃఖం వల్ల వచ్చేది. రోగాన్ని పెంచేవాటిలో విషాదానిదే మొదటి స్థానం అని కూడా అందులో ఉంది. నాకు వీటికంటే ముఖ్యంగా అనిపించేది అక్కడ చెప్పిన చికిత్స: వాతాన్ని తగ్గించే మందుతో పాటు రోగిని సంతోషపెట్టడం, ధైర్యం చెప్పడం. అంటే ఓదార్పుని మందు పక్కనే పెట్టారు, మందు మానేసి ఓదార్పుతో సరిపెట్టుకోమనలేదు.

పాశ్చాత్య వైద్యం దీన్ని కళ్లారా చూడటానికి ఒక ప్రమాదం కారణమైంది. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలీకి తుపాకీ పేలి పొట్టలో పడ్డ రంధ్రం పూర్తిగా పూడలేదు. వైద్యం చేసిన సైనిక డాక్టర్ విలియం బ్యూమాంట్ ఏళ్ల తరబడి ఆ రంధ్రంలోంచే జీర్ణం ఎలా అవుతుందో గమనించి 1833లో ప్రచురించాడు. మనిషికి కోపం వస్తే ఆ ప్రభావం జీర్ణకోశంలో కనిపిస్తుందనీ రాశాడు. తర్వాత హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ కొత్తగా వచ్చిన ఎక్స్‌రేతో పిల్లుల జీర్ణక్రియ చూస్తూంటే, పిల్లి బెదిరినప్పుడల్లా పొట్ట కదలికలు ఆగిపోయేవి. ఎందుకని వెతుక్కుంటూ వెళ్లి, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల దగ్గర తేలాడు. ప్రమాదం ఎదురైతే అవి అడ్రినలిన్ వదులుతాయి, గుండె వేగం పెరుగుతుంది, కాలేయం చక్కెరను రక్తంలోకి పంపుతుంది, జీర్ణం వెనక్కిపోతుంది. పారిపోవడానికో ఎదురు తిరగడానికో శరీరం చేసుకునే ఏర్పాటిది. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త అదే దారిలో ఇంకో అడుగు వేశాడు. ఎలుకల్ని చలిలో ఉంచినా, గాయపరిచినా, అలిసేదాకా పరిగెత్తించినా మూడే మార్పులు: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగంతో పోరాడే కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, పొట్టలో పుండ్లు పడ్డాయి. పాము కనిపించి పోతే ఒళ్లు కాసేపటికి సర్దుకుంటుంది. నెలనెలా వడ్డీ కట్టాల్సిన అప్పు అలా పోదు కదా, ఏళ్ల తరబడి ఆ ఏర్పాటు నడుస్తూనే ఉంటే బీపీ, షుగర్, నిద్ర అన్నీ దెబ్బతింటాయి.

ఇక్కడే వైద్యులు అతిగా నమ్మేశారు. ఎలుకల పొట్టలో పుండ్లు చూశాక మనుషులకొచ్చే అల్సర్ కూడా టెన్షన్ వల్లేనని దశాబ్దాల పాటు చెప్పారు. విశ్రాంతి తీసుకో, కారం మానెయ్, ఆలోచించకు అన్నారు, తగ్గకపోతే ఆపరేషన్. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు 1980ల మొదట్లో ఆ పుండ్ల దగ్గర హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని చూపిస్తే ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. యాంటీబయాటిక్స్‌తో నయమయ్యే జబ్బుని పట్టుకుని ఎంతమందిని 'నీ ఆలోచనల వల్లే' అని నిందించి ఉంటారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అల్సర్‌కి ఇంకో పెద్ద కారణం ఒళ్లు నొప్పుల మాత్రలు. పొలం పని, జీడిపిక్కల పని చేసి వచ్చి మెడికల్ షాపులో అడిగి కొనుక్కు వేసుకునే ఆ మాత్రలు పొట్టని పుండు చేస్తాయి, కిడ్నీలకీ చెరుపు చేస్తాయి. కడుపు మంట అని వచ్చినవాళ్లని ముందు ఆ సంగతి అడగాలి, టెన్షన్ గురించి ఆ తర్వాత.

అయితే ఆ దెబ్బతో మనసు పాత్రే లేదనుకోవడం కూడా పొరపాటే. 1975లో అమెరికాలోని రోచెస్టర్‌లో రాబర్ట్ ఏడర్, నికొలస్ కోహెన్ అనే పరిశోధకులు ఎలుకలకి సాకరిన్ నీళ్లు తాగించి, ఆ వెంటనే రోగనిరోధక శక్తిని అణిచే మందు ఎక్కించారు. కొన్నాళ్లకి మందు లేకుండా ఆ తియ్యటి నీళ్లే ఇచ్చినా వాటిలో యాంటీబాడీలు తగ్గాయి. అంటే రోగంతో పోరాడే కణాలు మెదడు మాట వింటున్నాయన్నమాట, అప్పటిదాకా అది సాధ్యం కాదనుకున్నారు. 1995లో అమెరికాలోని ఒహాయోలో ఇంకో పరీక్ష చేశారు. మతిమరుపు జబ్బున్న ఇంటివాళ్లకి ఏళ్లుగా సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్ల చేతిమీద, అలాంటి భారం లేని మరో 13 మంది చేతిమీద ఒకేలాంటి చిన్న గాయం చేసి ఎన్నాళ్లకి మానుతుందో చూశారు. సేవ చేసేవాళ్లకి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మంచాన పడ్డ అత్తకో భర్తకో ఏళ్లుగా చాకిరీ చేస్తున్న ఆడవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారు! వాళ్ల ఒంటి గురించి ఎవరు అడుగుతారు?

గుండె సంగతీ అంతే. పెద్ద దుఃఖమో భయమో కలిగినప్పుడు గుండెపోటు లాంటి నొప్పి వచ్చి, ఈసీజీలో తేడా కనిపించి, తీరా చూస్తే రక్తనాళాల్లో అడ్డేమీ లేకపోవడం, గుండెలో ఒక భాగం మాత్రం కొట్టుకోవడం బలహీనపడటం అనే పరిస్థితిని జపాన్ వైద్యులు 1990లో వివరించారు. ఎక్కువగా నెలసరి ఆగిన ఆడవాళ్లలో వస్తుంది, చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, కొందరికి ప్రాణం మీదకీ వస్తుంది.

ఇదంతా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం గురించి ఆలోచించినప్పుడు ఇంకా బరువుగా అనిపిస్తుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు జనాన్ని తినేస్తున్న కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. అది దిగులు వల్ల వచ్చిందని ఎవరన్నా చెబితే నమ్మకండి. కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టి, చెట్టు మళ్లీ కాపుకి రావడానికి ఏళ్లు పట్టే పరిస్థితి తెచ్చాక, ఇంట్లో ఒకరిని డయాలసిస్‌కి తిప్పుతూ ఇంకొకరి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో అని భయపడే కుటుంబానికి నిద్ర ఎలా పడుతుంది? పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది, హిరమండలం నుంచి నీళ్ల పథకం వచ్చింది, రెండూ ఎంతో అవసరమైనవి. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో డిప్రెషన్ ఎక్కువని ప్రపంచమంతటా తెలిసిన విషయమే. దాన్ని కూడా రక్తపరీక్షలాగే క్రమం తప్పకుండా చూడాలని నా గట్టి అభిప్రాయం.

ప్రభుత్వం ఈ ఆలోచన చేయలేదని కాదు. ఒకప్పుడు మన జిల్లాల వాళ్లకి మనసు వైద్యం అంటే విశాఖలో వాల్తేరు ఆసుపత్రే, అక్కడికి వెళ్లొచ్చారంటే ఆడపిల్ల పెళ్లి ఆగిపోయేంత మచ్చ. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. బళ్లారిలో మామూలు డాక్టర్లకే శిక్షణ ఇచ్చి పల్లెల్లో చూపించిన నమూనా ఆధారంగా 1996లో జిల్లా కార్యక్రమం మొదలైంది. పీహెచ్‌సీలో జ్వరం చూసే డాక్టరే దీన్నీ చూడాలన్నది దాని ఉద్దేశం. 2022 అక్టోబరు 10 నుంచి ఫోన్‌లోనే మానసిక సాయం అందించే టెలీ మానస్ ఉంది, 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ఓపీ చీటీ మీద ముద్రించి, రిపోర్టులు నార్మల్ వచ్చినావిడని "నిద్ర ఎలా పడుతోందమ్మా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా, అప్పులున్నాయా" అని ఒక్క రెండు నిమిషాలు అడిగి, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మని రాయాలి.