గుంటలో సర్వైవల్, రిపోర్టులో సర్వైవల్

నెల్లూరు జిల్లాలో ‘సర్వైవల్’ అనే మాట ఆస్పత్రుల్లో కంటే రొయ్యల గుంటల గట్ల మీదే ఎక్కువ వినపడుతుంది. మా బాబాయికి ఇందుకూరుపేట వైపు రెండు గుంటలున్నాయి. లక్ష పిల్ల వదిలితే, పట్టుబడిలో 50 కౌంటు (కిలోకి 50 రొయ్యలు) సరుకు 1,600 కిలోలు వచ్చిందనుకోండి. అంటే 80,000 రొయ్యలు, 80 శాతం సర్వైవల్. ఆయనకది నోటిలెక్క. అందుకే పిన్ని బయాప్సీ రిపోర్టు చూసి డాక్టరు ‘ఐదేళ్ల సర్వైవల్’ అనగానే, బయటికొచ్చి నన్ను ఒకటే అడిగాడు: “అది ఏ గుంటలో లెక్కేశారబ్బయా?”

మనుషులకీ రొయ్యలకీ పోలికేందని పిన్ని కసురుకుంది గానీ, అడగాల్సిన ప్రశ్న అదే.

పిన్నికి వచ్చింది మెటాప్లాస్టిక్ కార్సినోమా. రొమ్ము క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు. ఇందులో కొన్ని కణాలు వేషం మార్చేస్తాయి: చర్మపు పొర కణాల్లా, ఒక్కోసారి ఎముకలా, మృదులాస్థిలా. చాలావరకు ట్రిపుల్ నెగటివ్, అంటే హార్మోన్ మాత్రలకూ, హెర్2 అనే ప్రోటీన్ మీద పనిచేసే మందులకూ పట్టు దొరకదు. గడ్డ పెద్దగా ఉన్నా చంకలోని లింఫ్ గ్రంథులకు పాకడం తక్కువ, రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరడం ఎక్కువ. కాబట్టి చంకలో ఏమీ లేదని ధైర్యం చెప్పే మామూలు లెక్క ఇక్కడ తప్పుదారి పట్టించొచ్చు.

ఇంత అరుదైన జబ్బుకు ఒక్క ఆస్పత్రి కేసులు చాలవు. అందుకే పరిశోధకులు ఎక్కువగా అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1973 నుంచి నడుపుతున్న ‘సీర్’ రిజిస్ట్రీని, అంటే క్యాన్సర్ రోగుల వివరాల చిట్టాను, పట్టుకుంటారు. వయసు, గడ్డ సైజు, గ్రంథులు, ఆపరేషన్, రేడియేషన్ వివరాలు తీసి నోమోగ్రామ్ గీస్తారు. ఫ్రెంచి ఇంజినీరు మోరిస్ డొకాన్ 1884లో కనిపెట్టిన గీతల లెక్క ఇది. ఒక్కో అంశానికి ఇన్ని మార్కులు, అన్నీ కూడితే అడుగు గీత మీద ఐదేళ్లు బతికే అవకాశం.

ఆ మార్కులు ఎక్కణ్ణుంచి వస్తాయి? చనిపోయినవాళ్లను లెక్కపెట్టడం సులువే, సగంలో కనిపించకుండా పోయినవాళ్లతోనే చిక్కు. బాబాయి మధ్యలో పార్షియల్ (పంట పూర్తికాకముందే కొంత సరుకు) పట్టినప్పుడు బయటికి పోయిన రొయ్యలు చచ్చినవి కావు. అలాగని గుంటలోనే ఉంటే చివరిదాకా బతికేవనీ చెప్పలేం. రోగుల్లోనూ నిరుడు చేరినవాళ్లకు ఐదేళ్లు నిండవు, ఫాలోఅప్ మానేసినవాళ్లుంటారు. 1958లో ఎడ్వర్డ్ కాప్లాన్, పాల్ మయర్ దీనికి దారి చూపారు: కనిపించినంత కాలం మనిషిని లెక్కలో ఉంచాలి, ఆ తర్వాత తీసెయ్యాలి. ఏ అంశం ప్రమాదాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో తేల్చే పద్ధతిని 1972లో డేవిడ్ కాక్స్ ఇచ్చాడు. నోమోగ్రామ్ మార్కులు చాలావరకు దాన్నుంచే వస్తాయి.

కానీ ఒక షరతుంది. వెళ్లిపోయినవాళ్లూ మిగిలినవాళ్లూ ఒకేలాంటివాళ్లయి ఉండాలి. పార్షియల్‌లో వలకు చిక్కేది పెద్ద రొయ్యే కదా! ఉదయగిరి నుంచి చెన్నైకి తిరగలేక మానేసిన మనిషి, మానకుండా తిరుగుతున్న మనిషి ఒకటేనా? మన దగ్గర లెక్కలు వేసేటప్పుడు నాకు అన్నిటికంటే భయం ఇక్కడే.

ఇక బాబాయి ప్రశ్న. ఆ గుంట అమెరికాది. అందులో హెర్2 వివరం 2010 నుంచే ఉంది. కీమో దగ్గర ‘ఇచ్చారు’ అని ఒకటి, ‘ఇవ్వలేదు లేదా తెలియదు’ అని ఇంకొకటి. ఇవ్వనిదీ, రాయనిదీ ఒకే గంపలో! లెక్క ఎంత గట్టిదో చెప్పడానికి సి-ఇండెక్స్ అనే అంకె ఇస్తారు. 0.5 అంటే బొమ్మా బొరుసూ, 1 అంటే ఇద్దరిలో ఎవరు ముందు పోతారో ప్రతిసారీ సరిగ్గా చెప్పినట్టు. అది బాగుంటే చాలదు. 70 శాతం అన్న వందమందిలో నిజంగా డెబ్బైమంది దాకా బతికారా అన్నది, ఆ లెక్కలో లేని వేరే చోటి రోగుల మీద సరిచూడాలి.

ఇంకో సంగతి, డాక్టరు చెప్పిన అంకె జబ్బు బయటపడ్డ రోజుది. ట్రిపుల్ నెగటివ్‌లో తిరగబెట్టే ప్రమాదం మొదటి మూడేళ్లలో ఎక్కువ, ఐదేళ్లు దాటాక బాగా తగ్గుతుంది. రెండేళ్లు బాగా గడిపిన మనిషికి మళ్లీ కొత్తగా లెక్కెయ్యాలి. ఇది వివరించబోతే బాబాయే అందుకున్నాడు: “మొదటి నెల గండం దాటిన గుంటకి, సీడ్ వదిలిన రోజు లెక్క ఎవడు చూస్తాడబ్బయా?”