రాజావారు సొంత గడ్డ మీద ఓడిన ఏడాది

బొబ్బిలి అనగానే ఎవరికైనా 1757 గుర్తొస్తుంది. బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు, ఊరూరా చెప్పిన బుర్రకథలు. ఆ యుద్ధం జరిగిన 180 ఏళ్లకు అక్కడే ఇంకో ఓటమి జరిగింది. రక్తం చిందలేదు కాబట్టి కాబోలు, దాన్ని పెద్దగా ఎవరూ చెప్పుకోరు. 1937 ఫిబ్రవరిలో మద్రాసు రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు పెడితే, అప్పటికి ప్రభుత్వాన్ని నడుపుతున్న బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు తన సొంత జమీందారీలోనే వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. మొదటి మంత్రి అని పిలిచేవారు గానీ, ఇప్పటి లెక్కలో ఆయన ముఖ్యమంత్రే.

అదంతా గాంధీ గాలి అని సరిపెట్టుకోవడం తేలిక. గాలి ఉన్నమాట నిజమే. అయితే ఆ గాలికి ఎండుగడ్డి కావాలి కదా. ఆ గడ్డి ఎలా ఎండిందో తెలియాలంటే ధాన్యం ధర దగ్గర మొదలుపెట్టాలి.

1929 అక్టోబరులో అమెరికా షేర్ల బజారు కూలింది. ఆ దెబ్బ నాగావళి ఒడ్డుకు తగలడానికి ఏడాది కూడా పట్టలేదు. 1933 నాటికి పంటల ధరలు ఇంచుమించు సగానికి పడిపోయాయి. దానికితోడు బర్మా బియ్యం చౌకగా వచ్చి మద్రాసు రాష్ట్రాన్ని ముంచెత్తింది. మనవైపు రైతు ఇంటికి రొక్కం వచ్చే దారులు మూడే. ఒకటి ధాన్యం. రెండోది భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కే గోగునార, కొన్నిచోట్ల వేరుశనగ. మూడోది రంగం డబ్బు.

రంగం అంటే రంగూను. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆ మాటే వాడుక. కరువొస్తే, అప్పు పెరిగితే మగవాళ్లు కళింగపట్నంలోనో భీమిలిలోనో ఓడెక్కి రంగం పోయేవారు. రేవులో బస్తాలు మోసేవారు, ధాన్యం మిల్లుల్లో పనిచేసేవారు. అక్కడివాళ్లు వీళ్లను కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో రేవు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మా వాళ్లను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తేలాక మన వాళ్లను మళ్లీ తీసుకుని బర్మా వాళ్లను పొమ్మన్నారు. అల్లర్లు చెలరేగి వంద మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలు. బతికినవాళ్లలో చాలామంది ఇళ్లకు తిరిగొచ్చేశారు. మనియార్డరు రావలసిన ఇంటికి తినే నోరు వచ్చి చేరింది.

మూడు దారులూ ఒకేసారి మూసుకున్నాయి. శిస్తు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పది రూపాయల శిస్తుకు ఐదు బస్తాలు అమ్మేవాడు ఇప్పుడు పది అమ్మాలన్నమాట. షావుకారు బాకీ లెక్కా అంతే, కాగితం మీది అంకె మారదు గానీ దాన్ని తీర్చే గింజలు రెట్టింపవుతాయి. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు తన పౌనును బంగారం నుంచి విడదీసింది. బంగారం ధర పెరిగింది. ఆ పెరిగిన ధరకు అమ్ముడుపోయింది మన ఇళ్లలో ఆడవాళ్ల మెడల్లోదీ చెవుల్లోదీ. దేశం నుంచి బంగారం ఓడలకెత్తిన ఆ ఏళ్లను అర్థశాస్త్రం వాళ్లు ఎగుమతి లెక్కల్లో రాసుకున్నారు.

ఇక్కడ రైతువారీకీ జమీందారీకీ తేడా చూడాలి. రైతువారీ గ్రామంలో శిస్తు కట్టేది సర్కారుకే కాబట్టి, తగ్గించమని అర్జీ పెట్టుకోవడానికి ఒక గుమ్మం ఉంటుంది. మన ప్రాంతంలో సింహభాగం జమీందారీ. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, టెక్కలి, మందస, ఎటుచూసినా ఒక దివాణం. 1802 నుంచి జమీందారు సర్కారుకు ఏటా కట్టే పేష్కష్ (కప్పం) మారలేదు. రైతు దివాణానికి కట్టేది మాత్రం పెరుగుతూ వచ్చింది. 1908 ఎస్టేట్ల చట్టం జిరాయితీ రైతుకు, అంటే జమీందారీ భూమిని శిస్తు కట్టి సాగుచేసుకునేవాడికి, సాగు హక్కు ఇచ్చింది గానీ, బాకీ పడితే జప్తు తప్పలేదు. ధర సగమైనప్పుడు ఇక్కడి రైతు ఎవరి గుమ్మం ఎక్కాలి? కోట గుమ్మమే. ఆ కోటలోని రాజావారే మద్రాసులో ప్రభుత్వం కూడా అయ్యారు. నా లెక్కలో 1937 ఓటమికి అసలు ముడి ఇక్కడే పడింది.

ఆ ప్రభుత్వం వచ్చిన తీరు కూడా చెప్పుకోవాలి. 1930లో కాంగ్రెస్ ఉప్పు సత్యాగ్రహంలో ఉండి ఎన్నికలను బహిష్కరించింది. ఖాళీ మైదానంలో కాంగ్రెస్‌కు ప్రత్యర్థి అయిన జస్టిస్ పార్టీ గెలిచింది. ముందు ముఖ్యమంత్రి అయినది మునుస్వామి నాయుడు, చిత్తూరు వైపు రైతు కుటుంబీకుడు. పార్టీలోని జమీందార్లకు ఆయన పొసగలేదు. 1932 నవంబరులో ఆయన్ని దించేసి బొబ్బిలి రాజాను ఎక్కించారు. అప్పటికి రాజావారి వయసు 31. మధ్యలో 1936లో కొన్ని నెలలు పి.టి.రాజన్ ఉన్నది తప్పిస్తే, ఎన్నికల దాకా ఆయనే.

న్యాయంగా మాట్లాడాలంటే ఆయన హయాంలో ఎస్టేట్ల చట్టానికి సవరణలు వచ్చాయి, 1936 సవరణ ఇనాం (మాన్యంగా ఇచ్చిన) గ్రామాల రైతులకు రక్షణ ఇచ్చింది. కానీ జనానికి గుర్తున్నవి వేరు. మాంద్యం నడుస్తుండగా మంత్రులు నెలకు 4,300 రూపాయలకు పైగా జీతం తీసుకున్నారు. మంత్రి జీతం 500 దాటకూడదని కాంగ్రెస్ 1931లోనే కరాచీలో తీర్మానం చేసి కూర్చుంది. పైగా 1930లో ఎన్నికైన శాసనమండలి గడువును పొడిగిస్తూ పోయారు. 1934 నవంబరులో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు జరిగిన ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రమంతటా దెబ్బతిన్నాక కూడా మేలుకోలేదు.

1935 భారత ప్రభుత్వ చట్టంతో ఓటర్ల జాబితా పెరిగింది. అంతకుముందు నూటికి మూడు నలుగురికి ఉన్న ఓటు, ఇప్పుడు చిన్న కమతం రైతుకూ దక్కింది. అందరికీ మాత్రం కాదు. ఆస్తి, పన్ను, చదువు అర్హతలు అలాగే ఉన్నాయి. పాలేరుకు లేదు, కొండమీద పోడు కొట్టుకునే జాతాపు, సవరలకు దాదాపు లేనట్టే. మాంద్యం ఎక్కువ తిన్నది ఎవరినో వాళ్లు పోలింగు రోజున పనిలోకే పోయారు.

బరంపురంలో పుట్టి, డబ్లిన్‌లో లా చదివి, 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మె నడిపిన వరాహగిరి వెంకటగిరిని కాంగ్రెస్ బొబ్బిలికి పంపింది. విజయనగరం నుంచి బొబ్బిలి మీదుగా పార్వతీపురం పోయే రైలు కూడా ఆ కంపెనీదే. ఓటు చీటీలు వేసే పెట్టెలకు రంగులుండేవి, కాంగ్రెస్ పెట్టె రంగు పసుపు. చదువు రానివాడికి అదే గుర్తు. కోట ముందు తలపాగా తీసి నిలబడేవాడు, తెర వెనక ఏ పెట్టెలో చీటీ వేశాడో దివాణం అమీనుకు (శిస్తు వసూలు ఉద్యోగికి) తెలిసే దారి లేదు. రాష్ట్రంలో 215 స్థానాలకు కాంగ్రెస్‌కు 159 వచ్చాయి, జస్టిస్ పార్టీకి ఇరవైకి అటూ ఇటూ.

గెలిచాక వెంటనే గద్దె ఎక్కలేదు. గవర్నరు అడ్డుపడనని మాటివ్వాలని పట్టుబట్టారు. ఏప్రిల్ నుంచి జులై దాకా కూర్మా వెంకటరెడ్డి నాయుడు తాత్కాలిక ప్రభుత్వం నడిచింది. జులై 14న రాజాజీ వచ్చారు, గిరికి కార్మిక, పరిశ్రమల శాఖలు, ప్రకాశానికి రెవెన్యూ. 1938లో వచ్చిన రుణ ఉపశమన చట్టం రైతుకు నిజంగా ఊపిరి పోసింది. 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని కొట్టేశారు. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టేసి ఉంటే బాకీ చెల్లిపోయినట్టే. జమీందారీల మీద ప్రకాశం కమిటీ కూడా అదే ఏడాది నివేదిక ఇచ్చింది. అది అక్కడే ఆగింది. రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచి అర్జీలు పట్టుకెళ్లారు. 1939 అక్టోబరులో యుద్ధం పేరుతో మంత్రివర్గం రాజీనామా చేసింది. దివాణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. 1940 ఏప్రిల్‌లో మందస ఎస్టేటులో అడవి కట్టెల తగాదా కాల్పుల దాకా వెళ్లి వీర గున్నమ్మ ప్రాణం తీసింది. జమీందారీల రద్దు చట్టానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాత గిరి ఈ ప్రాంతం నుంచి పార్లమెంటుకూ వెళ్లారు, కేంద్రంలో మంత్రీ అయ్యారు. 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ స్థానంలో పోటీ చేశారు, అంటే ఒకే స్థానం నుంచి ఇద్దరు, ఒకటి జనరల్ సీటు, ఒకటి గిరిజనులకు కేటాయించినది. ఈసారి వయసొచ్చిన అందరికీ ఓటుంది. రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులే గెలిచారు, గిరి ఓడిపోయారు. జనరల్ సీటు గిరిజనుడికి ఎలా ఇస్తారని ఆయన కోర్టుకెక్కారు. 1959లో సుప్రీంకోర్టు ఆ సీటు గెలిచిన డిప్పల సూరి దొర వైపే తీర్పు చెప్పింది.