ఎండపిల్లకీ, మబ్బుపిల్లాడికీ

చిరంజీవులు అమ్మడుకీ, బుజ్జిగాడికీ తాతయ్య దీవించి వ్రాయునది.

మొన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి అరిచేసరికి నాకు సగమే వినపడింది. ఆ సగం ఇది: మూడు రోజులుగా మీకు మబ్బు పట్టి ఉంది. అమ్మడికి ఏమీ తోచడం లేదు, మంచం దిగబుద్ధి కావడం లేదు. బుజ్జిగాడికేమో కాళ్లు నేల మీద నిలవడం లేదు. "మబ్బు చూసి ఎవరైనా సంబరపడతారా తాతయ్యా, వీడికి పిచ్చి" అని ఒకరు, "ఎండలో మాడటం ఇష్టమట, దీనికే పిచ్చి" అని ఇంకొకరు. నన్ను తీర్పు చెప్పమన్నారు. ఫోన్‌లో తేలేది కాదులే అని తప్పించుకున్నాను. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు. నాలుగు రోజులు చదివి, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మా గదిలో ఫ్యాన్ సంగతి చెప్పాలి. నేనూ మీ అమ్మమ్మా ఒకే ఫ్యాన్ కింద నలభై ఏళ్లకు పైగా కాపురం చేస్తున్నాం. రెగ్యులేటర్ ఐదు మీద ఉందంటే ఇప్పటిదాకా గదిలో అమ్మమ్మ ఒక్కతే ఉందన్నమాట. రెండు మీద ఉంటే నేను. మూడు మీద ఉంటే ఇద్దరం ఉన్నాం, ఇద్దరం సణుక్కుంటున్నాం. అదే గది, అదే గాలి. మరి ఒకరికి ఉక్క, ఇంకొకరికి చలి ఎలా?

ఇది మా ఇంటి గొడవే కాదు. డెన్మార్క్‌లో ఫాంగర్ అనే ఇంజనీరు దీని మీదే ఏళ్ల తరబడి కూర్చుని, 1970లో ఒక సూత్రం అచ్చేశాడు. గాలి వేడి, చుట్టూ ఉన్న గోడల వేడి, తేమ, గాలి వేగం, వేసుకున్న బట్టలు, చేస్తున్న పని... ఈ ఆరూ చెబితే ఆ గదిలో ఎంతమందికి హాయిగా ఉంటుందో లెక్క చెబుతుంది. తమాషా ఏమిటంటే, ఆరింటినీ ఎంత పొందిగ్గా సర్దినా నూటికి ఐదుగురికి నచ్చదని ఆ సూత్రమే ఒప్పేసుకుంటుంది. అందరికీ నచ్చే గది లెక్కలోనే లేదు. గదికే దిక్కులేకపోతే ఇక ఆకాశానికేం ఉంటుంది?

అసలు కిటుకు ఒంట్లో ఉంది. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి పుడుతూ ఉంటుంది, పాతకాలం బల్బు ఒకటి లోపల వెలుగుతున్నట్టు. ఒంటి లోపలేమో 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. అంటే పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుండాలి. కొంత గాలి పట్టుకుపోతుంది, కొంత కంటికి కనపడని కిరణాలుగా చుట్టూ ఉన్న గోడలకి పోతుంది, కొంత చెమట ఆరడంలో పోతుంది. రాకపోకలు సరిపోతే హాయి. పోవలసింది పోకపోతే ఉక్క, పోకూడనంత పోతే చలి. మనం 'ఈ రోజు వాతావరణం బాగుంది' అంటున్నామంటే చాలావరకు ఈ జమాఖర్చు తేలిందని అర్థం.

ఇప్పుడు ఎండ వచ్చిందనుకోండి. మధ్యాహ్నం నేరుగా పడే ఎండ చదరపు మీటరుకి 1000 వాట్ల దాకా ఉంటుంది. అందులో మన మీద పడేది కొంతే అయినా, మన ఒళ్లు సొంతంగా పుట్టించే వేడికి సమానంగానో ఇంకాస్త ఎక్కువగానో ఉంటుంది. అంటే లోపల ఒక బల్బు ఉండగా పక్కన ఇంకోటి వెలిగించినట్టే. ఫోన్‌లో మీరు చూసే ఉష్ణోగ్రత నీడలోని గాలిది. అందుకే అంకె మారకపోయినా, మబ్బు అడ్డం రాగానే 'హమ్మయ్య' అనిపిస్తుంది. అలా అనిపించేది ఎవరికి? బుజ్జిగాడికి! ఎందుకంటే వాడు ఎప్పుడు చూసినా పరుగెత్తి వచ్చి ఉంటాడు. పరుగెత్తే కండరాలు కూర్చున్నప్పటికంటే ఎన్నో రెట్లు వేడి పుట్టిస్తాయి. అమ్మడేమో పుస్తకం పట్టుకుని గంటల తరబడి కదలదు. దానికి ఆ రెండో బల్బు కావాలి.

ఇది మీ సరదా కోసం చెబుతున్నది కాదు. మిషెల్ కబనాక్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మనుషుల్ని తొట్లలో కూర్చోబెట్టి, ఒంటిని వేడెక్కించీ, చల్లబరిచీ, చేతిని మాత్రం వేరే నీళ్లలో ముంచమన్నాడు. ఒళ్లు కాగిపోతున్నప్పుడు చన్నీళ్లు హాయిగా ఉన్నాయన్నారు. ఒళ్లు చల్లబడ్డాక అవే నీళ్లు బాధగా ఉన్నాయన్నారు. నీళ్లు మారలేదు, చెయ్యి మారలేదు, లోపలి అవసరం మారింది. 1971లో ఆయన చెప్పింది ఇదే: హాయి అనేది వస్తువులో ఉండదు, ఒంటికి ఆ క్షణాన ఏది కావాలో అందులో ఉంటుంది. నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

మీరూ ఒకటి చేసి చూడండి. మూడు గిన్నెలు తీసుకోండి. ఒకదాంట్లో చన్నీళ్లు, ఒకదాంట్లో గోరువెచ్చటి కంటే కాస్త ఎక్కువ వేడి (కాలకూడదు, అమ్మని పక్కన ఉండమనండి), మధ్య గిన్నెలో మామూలు నీళ్లు. ఒక చెయ్యి చన్నీళ్లలో, ఇంకో చెయ్యి వేడినీళ్లలో ఒక నిమిషం ఉంచి, రెంటినీ కలిపి మధ్య గిన్నెలో పెట్టండి. ఒక చెయ్యి 'వెచ్చగా ఉంది' అంటుంది, ఇంకోటి 'చల్లగా ఉంది' అంటుంది. రెండూ నీ చేతులే! ఒకే మనిషి రెండు చేతులకే మాట కుదరనప్పుడు అక్కాతమ్ముళ్లకి కుదరలేదని ఆశ్చర్యమెందుకు?

తాకిన వస్తువు ఉష్ణోగ్రతని నేరుగా కొలవడం చర్మానికి రాదు. తాను ఎంత వేడిగా ఉందో, ఎంత వేగంగా వేడెక్కుతోందో, చల్లబడుతోందో అంతే దానికి తెలుసు. ఒకే గదిలో రాత్రంతా ఉన్న స్టీలు గ్లాసునీ చెక్క కుర్చీనీ పొద్దున్నే తాకి చూడండి. రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి, గ్లాసే చల్లగా తగులుతుంది. స్టీలు మన వేలి వేడిని గబగబా లాగేసుకుంటుంది మరి. వేడికి, చల్లదనానికి నరాల చివర్లలో వేరువేరు తలుపులున్నాయి. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌ని పట్టుకుని ఒక తలుపునీ, పుదీనాలో చల్లగా అనిపించే మెంథాల్‌ని పట్టుకుని ఇంకో తలుపునీ కనిపెట్టారు. వేడి తలుపు సుమారు 43 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందట. కారం తింటే నోరు 'కాలినట్టు' ఉండేది ఆ తలుపే తెరుచుకోవడం వల్ల. ఆ పని చేసిన డేవిడ్ జూలియస్‌కి, స్పర్శ ఎలా తెలుస్తుందో కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కి కలిపి 2021లో నోబెల్ ఇచ్చారు.

అయితే అందరి ఒళ్లూ ఒకేలా వేడి పుట్టించవు. కండ ఎక్కువున్నవాళ్లకి వేడి ఎక్కువ పుడుతుంది, కొవ్వు ఉన్నవాళ్లకి అది బయటికి పోకుండా లోపలే ఉంటుంది. బక్కపలచటివాళ్లకి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కనుక వేడి తొందరగా జారిపోతుంది. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా చలి వేస్తుంది. ఆడవాళ్లకి సగటున వేడి తక్కువ పుడుతుందని, ఆఫీసుల్లో ఏసీలు సర్దే పాత లెక్కలన్నీ 70 కిలోల, 40 ఏళ్ల మగవాణ్ణి చూసి వేసినవని 2015లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులిద్దరు బయటపెట్టారు. మీ అమ్మమ్మకి ఇది చదివి వినిపించాను. "సగటు ఆడదాన్ని నేను కాదు" అని ఫ్యాన్ పెంచింది.

పుట్టుకతో వచ్చేవీ కొన్ని ఉన్నాయి. కండరాల్లో ఆల్ఫా యాక్టినిన్-3 అని ఒక ప్రొటీన్ ఉంటుంది. ప్రపంచంలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి అది అసలు తయారు కాదు. వాళ్లకి జబ్బేమీ లేదు, పాపం బాగానే ఉంటారు. 14 డిగ్రీల నీళ్లలో కూర్చోబెట్టి చూస్తే మాత్రం వాళ్లే ఎక్కువసేపు ఒంటి వేడిని నిలబెట్టుకున్నారని 2021లో తేలింది. వణుకూ తక్కువేనట.

ఇంతవరకూ వేడి లెక్క. కానీ అమ్మడూ, నీ దిగులు వేడిది కాదు, వెలుతురుది.

వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారు. ఎండలో అది లక్ష లక్స్ దాకా ఉంటుంది. దట్టంగా మబ్బు పడితే అది పది వేలకో, ఇంకా తక్కువకో పడిపోతుంది. ఇంట్లో లైటు వేసుకుంటే ఏ మూడు నాలుగు వందలో. కన్ను సర్దుకుంటుంది కనుక ఇంత తేడా మనకి తెలియదు. కానీ కంట్లోనే బొమ్మల్ని చూడటంతో పనిలేని కొన్ని కణాలున్నాయి. వాటి సంగతి 2002 ప్రాంతంలో బయటపడింది. బయట ఎంత వెలుతురుందో కొలిచి మెదడులోని గడియారానికి చేరవేయడమే వాటి ఉద్యోగం. పొద్దున్నే వెలుతురు అందకపోతే ఆ గడియారం 'ఇంకా తెల్లవారలేదేమో' అన్నట్టు బద్ధకిస్తుంది. కొందరిలో ఇది గట్టిగానే ఉంటుంది. పగళ్లు కురచగా ఉండే చలికాలంలో ప్రతి ఏడూ దిగులులో పడేవాళ్లని గమనించి నార్మన్ రోజెన్‌తాల్ అనే డాక్టరు 1984లో దానికి పేరు పెట్టాడు. రోజూ పొద్దున్న అరగంట 10,000 లక్స్ దీపం ముందు కూర్చోబెట్టడం దానికి ఒక వైద్యం. చలికాలంలో బాగుండి, వేసవిలో డీలాపడేవాళ్లూ ఉన్నారు, కాకపోతే తక్కువమంది.

నీకు జబ్బని చెప్పడం లేదు. మూడు రోజుల మబ్బుకి మూతి ముడుచుకోవడం జబ్బు కాదు. సోమరితనమూ కాదు, మీ అమ్మతో నేను చెబుతాను. కానీ లెక్క ఒకసారి చూడు. మబ్బు పట్టిన ఆకాశం కూడా నీ గదిలోని లైటు కంటే ఎన్నో రెట్లు వెలుతురు. ఎండ లేదని గదిలోనే పడుకుంటే ఉన్న కాస్తా పోగొట్టుకున్నట్టే. పొద్దున్నే డాబా మీదకి వెళ్లి పుస్తకం చదువుకో.

బుజ్జిగాడూ, నీది దీనికి తిరగేసి. నువ్వు గుమ్మం దాటి ఎండలోకి రాగానే రెండు తుమ్ములు తుమ్ముతావు చూడు. దాదాపు నలుగురిలో ఒకరికి ఆ అలవాటు ఉంటుంది, వంశంలో దిగుతుంది. మీ అమ్మకీ ఉంది, నాకూ ఉంది. కొందరి కళ్లు వెలుతురికి తొందరగా చికాకు పడతాయి. తలనొప్పి మనుషులకైతే చెప్పనే అక్కర్లేదు. అలాంటివాళ్లకి మబ్బు అంటే ఆకాశానికి కర్టెన్ వేసినట్టు. ఇంకొకటి, నువ్వు మబ్బుని ఇష్టపడుతున్నావో, దాని వెనకాల వచ్చే తొలి చినుకు వాసననో నాకు అనుమానమే. ఆ వాసనకి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పెట్రికోర్ అని పేరు పెట్టారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అందులో ముఖ్యమైనది. అది గాలిలో ఎంత లేశమాత్రంగా ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. అన్నట్టు మబ్బంటే ఎప్పుడూ చల్లదనమే అనుకోకు. ఒక్క గ్రాము చెమట ఆరిందంటే 58 గ్రాముల నీళ్లని 10 డిగ్రీలు చల్లబరిచినంత వేడి పోతుంది. గాలి నిండా తేమ ఉండి చెమట ఆరకపోతే ఆ పని జరగదు. అప్పుడు మబ్బూ ఉంటుంది, ఉక్కపోతా ఉంటుంది. ఆ రోజు నువ్వూ గోల పెడతావు.

2011లో నెదర్లాండ్స్‌లో మీకంటే కాస్త పెద్ద పిల్లల్నీ వాళ్ల అమ్మల్నీ రోజూ మనసెలా ఉందో రాయమని, ఆ రోజు వాతావరణంతో పోల్చి చూశారు. నాలుగు రకాలు తేలారు: ఎండా వేడీ ఉంటే ఉత్సాహపడేవాళ్లు, అవే గిట్టనివాళ్లు, వాన గిట్టనివాళ్లు, ఏదైనా ఒకటే అనుకునేవాళ్లు. అమ్మా పిల్లలూ ఒకే రకంలో పడటం కూడా కనపడింది. మన ఇంట్లో ఆ నాలుగో రకం మీ నాన్న ఒక్కడే. అల్లుడు కనుక ఇంతకంటే రాయను.

ఇక ఇష్టం మారదనుకోకండి. వేడి ప్రదేశానికి వెళ్లినవాళ్ల ఒళ్లు ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. రక్తంలో నీరు పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. వయసుతోనూ మారుతుంది. ముప్పై ఏళ్లప్పుడు నేను బుజ్జిగాడి పార్టీ. మబ్బు పడితే చాలు, సైకిలు తీసుకుని ఊరి బయటికి పోయేవాణ్ణి. ఇప్పుడు కండ తగ్గింది, పుట్టే వేడి తగ్గింది, చలికి ముడుచుకోవలసిన చర్మంలోని రక్తనాళాలు ముసలివాళ్లలాగే నెమ్మదించాయి. ఎప్పుడు పార్టీ ఫిరాయించానో నాకే తెలియదు. పొద్దున కిటికీలోంచి పడే ఎండముక్క ఎటు జరిగితే నా కుర్చీ అటు జరుగుతోంది.

మాటల్లో కూడా ఇది కనపడుతుంది. మనం చల్లని చూపు అంటాం, చల్లని మనసు అంటాం, చల్లగా ఉండమంటాం. కోపం వస్తే మండిపడతాం. చలి దేశాలవాళ్లు ఆప్యాయతని వెచ్చదనంతో పోలుస్తారు, మాట్లాడనివాణ్ణి చల్లటివాడంటారు. ఎవరికి ఏది కరువో దానికి మంచి పేరు పెట్టుకున్నట్టున్నారు. ఇది నా ఊహే, పరీక్షలో రాయకండి.

ఇక తీర్పు. మీరిద్దరూ ఒకే ఆకాశం కింద ఉన్నారు గానీ ఒకే వాతావరణంలో లేరు. అంచేత కేసు కొట్టేస్తున్నాను.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ కిటికీలో ఎండముక్క ఇందాకే మాయమైంది. ఎటునుంచో మబ్బు కమ్ముకొచ్చింది. మీ అమ్మమ్మ "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అంటూ తలుపులన్నీ బార్లా తెరిచి, పోతూ పోతూ రెగ్యులేటర్ ఐదు మీద పెట్టి వెళ్లింది. కాగితాలు ఎగురుతున్నాయి. నా శాలువా ఎక్కడుందో వెతుక్కోవాలి.

మూడు గిన్నెల్లో ఏ చెయ్యి ఏమందో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య